ఖాళీ అలమర కోసం ఐదువందల మైళ్లు

అమెరికాలో చూడాల్సినవాటి జాబితా ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఉంటుంది. జలపాతం, విగ్రహం, గుడి, అవుట్‌లెట్ మాల్. నేను మొన్న జూలైలో నాలుగు రోజులు సెలవు పెట్టి, సొంత కారులో, సొంత ఖర్చుతో వెళ్లి చూసొచ్చింది ఒక ఖాళీ అలమర. అది వర్జీనియా కొండల్లో ఒక చిన్న ఉచిత క్లినిక్‌లో ఉంది. ఊరి పేరు రాయను, రాయొద్దని అక్కడి నర్సు అడిగింది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ప్రకాశం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పదకొండేళ్లు ఫార్మసిస్టుగా చేశాను. అమెరికాలో ఎడిసన్ ఊరికి వచ్చాక పదేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో పని. ఇన్సూరెన్స్ లేని ఆడవాళ్లకి వైద్యం చేసే ఉచిత క్లినిక్‌లకి గర్భనిరోధక మాత్రలు, ఇంజెక్షన్లు, కండోమ్‌లు పంపిస్తాం. ఎక్కడికి ఎంత పంపాలో తేల్చే షీటు నాది. అందులో మూడేళ్ల కిందట నేనే ఒక రూలు రాశాను. ఏ క్లినిక్ అయినా వరుసగా మూడు నెలలు ఒక మందు వాడకం సున్నా అని చూపిస్తే, ఆ మందు ఆ క్లినిక్‌కి ఆపేయాలి. మళ్లీ జాబితాలోకి రావాలంటే ఏడాది ఆగాలి. వృథా తగ్గించానని అప్పట్లో నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఈసారి ఆ రూలు కొండల్లో క్లినిక్ మీద పడింది. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ ఎదురుగా సున్నా, సున్నా, సున్నా. కిందటేడు ఇదే క్లినిక్ మూడు నెలలకి నలభై దాకా వాడింది. ఊళ్లో ఆడవాళ్లంతా కూడబలుక్కుని ఒక్కసారే మానేశారా? నర్సుకి ఫోన్ చేస్తే రెండుసార్లు మెషీన్ పలికింది. మూడోసారి ఆవిడే ఎత్తి, "మేం సర్దుకుంటున్నాం, మీరేం కంగారుపడకండి" అని పెట్టేసింది. సర్దుకుంటున్నాం అనే మాటకి అర్థం నాకు తెలుసు. ఆరోగ్య కేంద్రంలో ఆ మాట నేనూ ఎన్నిసార్లు అన్నానో.

మా మేనేజర్ గ్రెగ్‌కి చెప్పాను. గ్రెగ్ చెడ్డవాడు కాదు. పద్ధతి ప్రకారం పోయే మనిషి, అదే కష్టం.

"డేటా స్పష్టంగానే ఉంది పద్మజా. పైగా రూలు మీరు రాసిందే."

"అందుకే వెళ్లి చూసొస్తాను."

"ప్రయాణాలకి బడ్జెట్ లేదు. జాబితా శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి మూసేస్తాం."

"బడ్జెట్ నేనడగలేదుగా" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరికే అనడు. మంగళవారం పొద్దున బయల్దేరాను.

ఐసెలిన్

దారిలో తినడానికని మా పక్కూళ్లో, మనవాళ్ల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో ఆగాను. మసాలా దోశ పదమూడు డాలర్లు. మా ఒంగోల్లో ఆ డబ్బుకి ఇంటిల్లిపాదీ తిని, ఆటో ఎక్కి ఇంటికి పోవచ్చు. పక్కన మిఠాయి కొట్లో గోంగూర పచ్చడి, కారప్పొడి, జంతికలు తీసుకుని లైన్లో నిలబడ్డాను. కౌంటర్ దగ్గర ఉండే ఆవిడకి నేను తెలుసు.

"ఎక్కడికండీ, టూరా?" అంది.

"వర్జీనియాకండీ. గర్భం రాకుండా వేసే ఇంజెక్షన్లు అక్కడి క్లినిక్‌లో ఎందుకు లేవో చూడ్డానికి వెళ్తున్నా."

లైన్లో మాటలు ఆగిపోయాయి. ఒకాయన ఉన్నట్టుండి ఫోన్లో ఏదో వెతుక్కోసాగాడు. కౌంటర్ ఆవిడ కారప్పొడి పొట్లాన్ని రెండుసార్లు స్కాన్ చేసింది. పదకొండేళ్లు కౌంటర్ వెనక నిలబడి ఇదే మౌనం చూశాను. కండోమ్ పాకెట్లని నిన్నటి పేపర్లో చుట్టి ఇస్తే, బల్ల కిందనుంచి చెయ్యి పెట్టి తీసుకునేవాళ్లు. సముద్రాలు దాటొచ్చినా ఆ పేపరు మాత్రం మనల్ని వదల్లేదు. నేను కావాలనే గట్టిగా చెప్పాను, మళ్లీ చెప్పమన్నా చెప్తాను.

కారు తలుపు తీస్తుంటే ఒకమ్మాయి వెనకాలే వచ్చింది. లైన్లో నా వెనక నిలబడ్డ పిల్ల, మాస్టర్స్ చేయడానికి వరంగల్ నుంచి వచ్చిందట.

"ఆంటీ, ఒక్క మాట. నాకు పీరియడ్స్ ప్రాబ్లెం ఉంటే డాక్టర్ పిల్స్ రాసింది. మొన్ననే గ్రాడ్యుయేట్ అయిన, స్టూడెంట్ ఇన్సూరెన్స్ అయిపోయింది. ఫార్మసీల నెలకి యాభై డాలర్లు అంటున్నరు. ఇంకో దిక్కు ఏమన్న దొరుకుతదా?"

దగ్గర్లోని ఉచిత క్లినిక్ పేరు రాసిచ్చాను. "ఇది అడగడానికి పార్కింగ్ లాట్ దాకా రావాలా, లోపలే అడగొచ్చుగా" అన్నాను.

"లోపల మా రూమ్మేట్ వాళ్ల అంకుల్ ఉన్నడు ఆంటీ" అంది.

హెర్న్‌డన్

మధ్యాహ్నానికి వర్జీనియా మొదట్లోనే ఉన్న హెర్న్‌డన్‌లో మా స్నేహితురాలు శైలజ ఇంటికి చేరాను. కంపెనీ అద్దాల భవనాల మధ్య వరసగా ఒకే రకం ఇళ్లు, వాకిట్లో తులసికోట, గరాజ్‌లో రెండు కార్లు. శైలజ పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి పెట్టింది. వాళ్లమ్మాయి నిత్య ఇక్కడే పుట్టింది, ఫార్మసీ చదువుతోంది. నేను ఎందుకు వెళ్తున్నానో విని, తనూ వస్తానని బ్యాగు సర్దుకుంది.

"వెళ్లు గానీ, ఎవరైనా అడిగితే అక్కడి గుహలు చూడ్డానికి వెళ్తున్నామని చెప్పు" అంది శైలజ.

"మామ్, నేను ఫార్మసిస్ట్ అవుతున్నాను. రేపు కస్టమర్‌కి కూడా గుహలు అని చెప్తానా?" అంది నిత్య. ఆ పిల్ల తెలుగు ఎత్తుపల్లాల మీద నడుస్తుంది గానీ, చేరాల్సిన చోటికి మాత్రం సరిగ్గానే చేరుతుంది.

బుధవారం పొద్దున ఆ చుట్టుపక్కలే ఉన్న ఇంకో క్లినిక్‌కి వెళ్లాం. అదీ మా జాబితాలోదే. నడిపే రోసా నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని బాత్రూంకి తీసుకెళ్లింది. లోపల గోడ వెంబడి నా నడుమెత్తు దాకా అట్టపెట్టెలు. అన్నీ మూడు నెలల ఇంజెక్షన్లే, డిసెంబర్‌తో గడువు తీరిపోతుంది.

"తగ్గించి పంపమని నాలుగుసార్లు మెయిల్ పెట్టాను. మీ వాళ్లు పంపుతూనే ఉన్నారు. ఇంక పెట్టడానికి మా ఇంటి బాత్రూం ఒక్కటే మిగిలింది" అంది.

పుండొక చోట, మందొక చోట. ఇక్కడ పెట్టెలు బాత్రూంలో మూలుగుతుంటే అక్కడ సున్నా. సిగ్గేసింది, ఎందుకంటే ఆ పెట్టెలు పంపింది కూడా నా షీటే. వాడినచోటికి ఇంకా పంపుతుంది, వాడనిచోట ఆపేస్తుంది.

ఒక పెట్టె కొండల క్లినిక్‌కి మార్చమని గ్రెగ్‌కి ఫోన్ చేస్తే, జాబితా మూసేదాకా ఏదీ కదపొద్దన్నాడు. ఫోన్ పెట్టేసి మా సంస్థ నియమాల పుస్తకం తెరిచాను. ఒక క్లినిక్ నుంచి ఇంకో క్లినిక్‌కి సరుకు మార్చడానికి ఇచ్చేవాళ్ల సంతకం, పుచ్చుకునేవాళ్ల సంతకం ఉంటే చాలు. మేనేజర్‌ని అడగడం అలవాటే గానీ నియమం కాదు. ఆ అలవాటు కూడా మనమే చేసుకున్నది. రోసా చకచకా సంతకం పెట్టి, ఇరవై అయిదు ఇంజెక్షన్లున్న పెట్టెని తనే మోసుకొచ్చింది.

"ఇంకోటి పట్టుకెళ్లకూడదూ" అని బతిమాలింది. అప్పటికి ఒకటి చాలన్నాను. ఆ పెట్టె నాలుగు రోజుల ఆకలి తీరుస్తుంది. శుక్రవారంలోపు జాబితాలో పేరు నిలబెట్టకపోతే ఆ తర్వాత ఏడాది పస్తే.

లోయ దారి

గురువారం పొద్దున్నే దక్షిణానికి తిరిగాం. రెండు పక్కలా నీలంగా కొండలు, మధ్యలో పచ్చిక, నల్ల ఆవులు, ఎర్ర చావిళ్లు. మా వైపు కొండలు ఎండకి కాలి బొగ్గులా ఉంటాయి. వీటిని చూస్తే ఎవరో ఇప్పుడే నీళ్లు చల్లి తుడిచినట్టున్నాయి.

చూస్తూ పోదామంటే పెట్టెతో వచ్చింది చిక్కు. ఆ మందు మామూలు గది చల్లదనంలో ఉండాలి. కారు ఆపితే పది నిమిషాల్లో పొయ్యి మీద పెనం. అందుకని ఎక్కడ దిగినా పెట్టె మాతో దిగాల్సిందే. పెట్రోల్ బంక్‌లోకి, బాత్రూం దగ్గరికి, యాపిల్ బుట్టలమ్మే కొట్లోకి దాన్ని చంకనెత్తుకుని తిరిగాం. యాపిల్ కొట్లో ముసలాయన నిత్యని చూసి, "పిల్లికూనలా?" అని అడిగాడు.

"కాదు సర్. పిల్లలు ఎప్పుడు కావాలో డిసైడ్ చేసుకునే మందు" అంది నిత్య ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. ఆయన టోపీ సర్దుకుని, "మా ఆవిడకి అరవై ఏళ్ల కిందట దొరకాల్సింది. మాకు తొమ్మిదిమంది" అని ఒక బుట్ట యాపిల్స్‌కి రెండు డాలర్లు తగ్గించాడు.

సాయంత్రానికి హైవే వదిలి ఘాట్ రోడ్డెక్కాం. ఫోన్‌లో సిగ్నల్ పోయింది, దారి చూపించే గొంతూ పోయింది. రెండుసార్లు ఒకే చర్చి ముందుకొచ్చాం. ఒక మలుపులో బ్రేకు కొడితే గోంగూర సీసా మూత ఊడి, నేను ప్రింట్ తీసుకొచ్చిన కిందటేటి లెక్కల కాగితాలన్నీ నూనె తాగాయి.

"ఆంటీ, డేటా ఇప్పుడు స్పైసీ అయింది" అంది నిత్య. నవ్వొచ్చినా నవ్వలేదు, ఆ కాగితాలే నా సాక్ష్యం.

డైనర్

ఊరికి ఒకటే డైనర్. పెట్టెకి ఒక కుర్చీ ఇచ్చి మేమిద్దరం చెరోవైపు కూర్చున్నాం. ఉడికించిన చిక్కుడుగింజలు, పచ్చి ఉల్లిపాయ ముక్క, మొక్కజొన్న రొట్టె, ఏడు డాలర్లు. ఒక్క ముద్ద తినేసరికి ప్రాణం లేచొచ్చింది. జొన్నరొట్టె, ఉల్లిపాయ కొరుక్కు తినే మనిషికి ఇదేమీ పరాయి కూడు కాదు. కాస్త కారప్పొడి చల్లుకున్నాను. వడ్డించే అమ్మాయి, పేరు ఆంబర్, ముప్ఫై ఏళ్లుంటాయేమో, వేలి చివర అద్దుకుని రుచి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఇంకొంచెం అడిగింది.

ప్లేట్లు తీసేటప్పుడు పెట్టె మీద చీటీ చదివి ఆగిపోయింది.

"ఇది డోనా దగ్గరికా?"

డోనా అంటే నాతో ఫోన్లో మాట్లాడిన నర్సే. అవునన్నాను. ఆంబర్ అక్కడే, పెట్టె పక్కన కూలబడింది.

"నేను ప్రతి సోమవారం ఫోన్ చేస్తున్నా. ప్రతి సోమవారం రాలేదనే చెప్తోంది. ఈ ఆదివారానికి నా పదిహేను వారాలు అయిపోతాయి, అది దాటితే ఆ మందు మీద నమ్మకం లేదు. ఇద్దరు పిల్లలు, మూడోది నావల్ల కాదు. పక్క ఊరు డాక్టర్ దగ్గరికి డెబ్బై మైళ్లు. ఒకరోజు కూలి పోతుంది, వాళ్లకి వంద పైన కట్టాలి."

ప్రతి సోమవారం. ఆ ఫోన్లు నా షీటులో ఎక్కడున్నాయి? అడిగి లేదనిపించుకున్న మనిషికి అందులో గడే లేదు. ఇచ్చినవాటినే లెక్కపెట్టాను, ఇవ్వనప్పుడు సున్నా వేశాను, ఆ సున్నా చూసి అక్కర్లేదనుకున్నాను. కంచంలో అన్నం పెట్టకుండా, తినలేదు కాబట్టి ఆకలి లేదని తేల్చే తెలివి అది. ఆ తెలివి నాదే. నిత్యతో ఆ మాట పైకే అన్నాను. ఆ పిల్ల ఆంబర్‌కి నీళ్లిచ్చింది.

అలమర

శుక్రవారం ఎనిమిదింటికి క్లినిక్ తలుపు తీసేసరికే మెట్లమీద ఉన్నాం. ఒకప్పటి పోస్టాఫీసు గదిలో ఆ క్లినిక్. డోనాకి అరవై దాటుతాయి, పొడవాటి మనిషి, తెల్లజుట్టు వెనక్కి ముడి. నన్ను చూసి, "హనీ, ఇంత దూరం వచ్చావా, దేనికి?" అని కాఫీ పోసింది. అలమర తలుపు నేనే తీశాను. ఇంజెక్షన్ల అర ఖాళీగా, శుభ్రంగా, రోజూ తుడిచినట్టు ఉంది.

"ఎప్పటినుంచి?"

"ఏప్రిల్ నుంచి."

"మరి ఆర్డరు పెట్టలేదేం?"

"పెట్టానే. ప్రతి నెలా పెట్టాను" అని కంప్యూటర్లో చూపించింది. ఆరు. ఆరు. ఆరు.

నాకు బుర్ర పనిచేయలేదు. మూడు నెలలకి నలభైమంది వచ్చేచోట నెలకి ఆరేమిటి?

"మీ దగ్గర సరుకు తక్కువగా ఉందని చలికాలంలో ఒక ఉత్తరం వచ్చింది. మాకంటే అవసరమున్నవాళ్లు ఉంటారు కదా. అందుకని మరీ దూరం నుంచి వచ్చేవాళ్ల వరకే అడిగాను. అవీ రాకపోతే, మీ దగ్గరే లేవనుకున్నాను. లేనివాళ్లని మళ్లీ మళ్లీ పీడించడం మా అలవాటు కాదు."

అప్పుడు వెలిగింది. మా గిడ్డంగి పెట్టె విప్పదు. ఇరవై అయిదుకి తక్కువ ఆర్డరు వస్తే, ఇరవై అయిదు అయ్యేదాకా పక్కన పెడుతుంది. ఆరు, ఆరు, ఆరు కలిపినా పద్దెనిమిదే. ఆ సంగతి డోనాకి ఎవరూ చెప్పలేదు. ఆమె మర్యాదకి మా గిడ్డంగి, మా గిడ్డంగికి నా రూలు తోడయ్యాయి.

మా ఆరోగ్య కేంద్రంలో వంద కావాలంటే రెండువందలకి ఇండెంటు పెట్టేవాళ్లం. జిల్లా స్టోరువాళ్లు సగం కోసేస్తారని మాకు తెలుసు, మేం రెట్టింపు రాస్తామని వాళ్లకి తెలుసు. ఆ బుద్ధితోనే ఇక్కడ షీటు రాశాను. అందరూ ఎక్కువే రాస్తారు, మనం కోయాలి అనుకున్నాను. కావల్సిన దాంట్లో సగమే రాసి, అదీ మొహమాటపడే మనుషులు భూమ్మీద ఉంటారని నాకేం తెలుసు?

పన్నెండు గంటలు

పదకొండున్నరకి క్లినిక్ ఫోన్ స్పీకర్లో పెట్టి గ్రెగ్‌ని పిలిచాను. అప్పటికి ఆంబర్ వచ్చి కూర్చుంది. డోనా సంతకం పెట్టి పెట్టె తీసుకుంది గానీ ఇంకా విప్పలేదు.

"రూలు మార్చాలంటే కమిటీ కూర్చోవాలి పద్మజా. వచ్చే ఏడాది చూద్దాం."

"రూలు జోలికి పోవట్లేదు. తప్పు డేటా సరిచేస్తున్నాను. ఈ మూడు సున్నాలూ వాడకం కాదు, సరుకు లేకపోవడం. సున్నాలు తీసేసి 'సరుకు లేదు' అని రాస్తున్నాను."

"దానికి క్లినిక్ ధ్రువీకరించాలి. ఎన్ని కావాలో వాళ్లే చెప్పాలి. అనుమతి లేకుండా వెళ్లారనీ, పెట్టె మార్చారనీ నేను రాయాల్సి ఉంటుంది."

"రాయండి. కారణం కూడా రాయండి, అది లేకపోతే చదివేవాళ్లకి అర్థం కాదు."

గ్రెగ్, "డోనా, మీకు ఎన్ని కావాలి?" అని అడిగాడు.

డోనా ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది. "అంటే, మిగతావాళ్లకి సరిపోగా..." అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "డోనా, మా దగ్గర ఒక సామెత ఉంది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. వీళ్లు అమ్మలు కూడా కాదు. హెర్న్‌డన్‌లో ఈ మందు బాత్రూంలో పడుంది, నా కళ్లతో చూశాను. నువ్వు తగ్గించుకున్నది ఎవరికీ చేరలేదు. అది ఎవరి వాటా అనుకున్నావు?"

గోడ గడియారంలో పదకొండూ నలభై ఎనిమిది.

కుర్చీలోంచి ఆంబర్ అంది, మెల్లగానే: "నేను నిన్ను వరసగా నాలుగు సోమవారాలు అడిగాను డోనా. నాకూ సిగ్గుగానే ఉండేది. అయినా అడిగాను."

డోనా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఫోన్ దగ్గరికి వంగింది.

"గ్రెగ్, ఏప్రిల్ నుంచి నా దగ్గర ఒక్కటి కూడా లేదు. యాభై కావాలి. రెండు పెట్టెలు. వచ్చే మూడు నెలలకీ యాభై కావాలి, ఆపైన మూడు నెలలకీ కావాలి. రాసుకుంటున్నారా?"

"రాసుకుంటున్నాను" అన్నాడు గ్రెగ్. నేను ల్యాప్‌టాప్‌లో మూడు సున్నాలూ ఒక్కొక్కటిగా చెరిపాను. ఎర్రగా ఉన్న వరస తెల్లబడింది. నిత్య నా భుజం మీద చెయ్యి వేసింది. డోనా పెట్టె విప్పి, గడువు తేదీ చదివి, ఆంబర్‌ని చొక్కా చెయ్యి పైకి మడవమంది.

ఎడిసన్

తిరిగొచ్చి అయిదు వారాలైంది. నా ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం చేరింది. చదివి, కింద సంతకం పెట్టి, కాపీ ఒకటి అడిగి తీసుకున్నాను. క్లినిక్‌లకి పంపే ఫారంలో ఇప్పుడొక కొత్త గడి ఉంది: సరుకు లేక ఎంతమందిని వెనక్కి పంపారు? కమిటీ కూర్చునేదాకా ఆగకుండా నేనే పెట్టాను. తీసేయమని ఇంకా ఎవరూ అనలేదు, అంటే అప్పుడు చూసుకుందాం.

పాత జాబితాలు కూడా తిరగేశాను. మూడేళ్లలో నా రూలు తొమ్మిది క్లినిక్‌లకి ఏదో ఒక మందు ఆపేసింది. ఆ తొమ్మిది చోట్లా ఎంతమంది ఆంబర్‌లు ఫోన్ చేసి చేసి మానేశారో నాకు ఎప్పటికీ తెలియదు. దానికి క్షమాపణ ఎవరికి చెప్పాలో కూడా తెలియదు. ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేస్తున్నాను. ఎత్తనివాళ్ల దగ్గరికి కారేసుకుని వెళ్తాను, బడ్జెట్ ఉన్నా లేకపోయినా.

నిన్న ఆఫీసుకి డోనా ఫోన్ వచ్చింది. పలకరింపు లేదు, హనీ లేదు. "సోమవారం రావల్సిన పెట్టె బుధవారమైనా రాలేదు. ఇక్కడ నా ముందు ఆరుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. మీ ట్రక్కు ఎక్కడ చచ్చింది?" అని గొంతెత్తి అరిచింది. పదేళ్ల ఉద్యోగంలో ఒక మనిషి నన్ను తిడుతుంటే ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ట్రక్కు నంబరు కనుక్కునేదాకా లైన్లో ఉంచి, పూర్తిగా తిట్టనిచ్చాను.